అంచుకు కాస్త పొట్ట

వేరావల్,
12 నవంబరు 1998

అక్కా,

అక్షరాలు కోడి కెలికినట్టు ఉన్నాయని నవ్వకు. ఇది ఎడమచేత్తో రాస్తున్న ఉత్తరం. వల లాగే యంత్రం దగ్గర తాడు జారి కుడిచెయ్యి కాస్త నలిగింది. ఆసుపత్రిలో కట్టు కట్టారు. చిన్న దెబ్బే. అమ్మకీ, నీ మరదలు కుసుమకీ చెప్పి వాళ్ళని కంగారుపెట్టకు. మానేదాకా సముద్రంలోకి వద్దని, పడవ నడిపించే మా తండేలు నన్ను ఒడ్డున దింపేశాడు.

ఊరికే కూర్చోబెట్టి తిండి పెట్టరు కదా. రేవు పక్కన చేపలు కోసే షెడ్డు ఒకటి ఉంది. పెద్ద చేపల తలలు నరికి, కడుపు చీల్చి, మంచులో పెట్టి పంపుతారు. కోసేవాళ్ళంతా ఆడవాళ్ళే. వాళ్ళ కత్తులకు ఎడమచేత్తోనే సాన పట్టడం ఇప్పుడు నా పని. వాళ్ళు గుజరాతీలో తిడుతుంటే సగం అర్థం కాదు, అదొక్కటే సుఖం.

తిట్లు ఎందుకంటే, నేను సాన పట్టిన కత్తి చేతిమీది వెంట్రుకని కోస్తుంది. ఆ పదును చూసి నాకే ముచ్చటేస్తుంది. తీరా పెద్ద చేప తల మీద వేటు పడగానే అంచు ఎలుక కొరికినట్టు పెచ్చులూడిపోతుంది. ఎంత పలచగా పడితే అంత తొందరగా పోతుంది. నిన్న ఒకామె, పళ్ళు పళ్ళుగా లేచిన కత్తి తెచ్చి నా ముందు పడేసి వెళ్ళిపోయింది.

అప్పుడు అమ్మ కత్తిపీట గుర్తొచ్చింది. దానిమీద ఎన్ని సొరచేపలు కోసినా అంచు ఊడిందని మనం ఎప్పుడూ వినలేదు. అమ్మ దాన్ని ఎలా నూరుతుందో పక్కన కూర్చుని చూసి రాయవా? అడిగితే చెప్పదు, తెలుసు. చూసే రాయి.

బావ వల పని అయిందా? కుసుమ వేళకి తింటోందా?

నీ తమ్ముడు,
యువరాజు


బారువ,
28 నవంబరు 1998

తమ్ముడూ,

కవరు మీద రాత చూసి ఎవరిదో అనుకున్నాను. చిన్న దెబ్బ అయితే ఎడమచేత్తో రాయడం ఎందుకు? సరే, నువ్వు వద్దన్నావు కాబట్టి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కుసుమకు ఉత్తరం చదివి వినిపించేటప్పుడు ఆ ముక్కలు మింగేశాను. "కత్తులకి సాన పడతన్నాడేటి? మరి ఏటకి ఎవులెళ్తన్నారు వదినా?" అని అడిగింది. ఖాళీగా ఉన్నప్పుడు సరదాకి పడుతున్నాడులే అన్నాను. నమ్మలేదు. నాకు అబద్ధం ఆడటం ఎప్పుడు వచ్చింది గనక!

ఇక్కడ వారం నుంచి ముసురు. ఎండబెట్టిన నెత్తళ్ళు సగం పాడైపోయాయి. మీ బావ వలకి అతుకులు వేస్తూనే ఉన్నారు. వేసిన అతుకుల కన్నా కాల్చిన బీడీలే ఎక్కువ.

అమ్మని చూశాను. ఉదయం రేవు నుంచి కోనెం చేప తెచ్చి, కత్తిపీట ముందు కూర్చుని నూరడం మొదలుపెట్టింది. నేను వెళ్ళి ఎదురుగా చతికిలబడ్డాను.

"ఏటే, అలా గుడ్లప్పగించి సూత్తన్నావు?" అంది.

"తమ్ముడు అడిగాడే, నువ్వెలా నూరతావో."

"ఆడికెందుకు? ఆడు వల లాగడానికెళ్ళాడా, కూర తరగడానికెళ్ళాడా?"

అలా అంది గానీ చెయ్యి మాత్రం ఆపలేదు. నాకు తెలిసింది ఇది. అమ్మ ఒకే వాలులో బిగబట్టి రుద్దదు. రుద్దుతూ రుద్దుతూ మణికట్టు మెల్లగా తిప్పుతుంది. అందుకని ఆ అంచు రెండు వైపులా సాపుగా దిగి కలవదు. మన పడవ అడుగులాగా రెండు పక్కలా కాస్త పొట్ట తేలి, ఆ తర్వాత కలుస్తుంది. వేలితో తడిమి చూశాను. పదునుకి వెనకాల కండ ఉంది. విరగకపోవడం అందుకే కాబోలు. చివర్లో చెయ్యి పైకి లేపుతుంది. కిటుకంతా అక్కడే ఉందనుకుంటాను.

చెయ్యి తడపకు. నిజం రాయి.

అక్క,
ఇందుమతి


వేరావల్,
14 డిసెంబరు 1998

అక్కా,

నువ్వు రాసినట్టే చేశాను. కత్తిని రాయి మీద లాగుతూ, ప్రతిసారీ చివర్లో వెన్ను పైకి లేపాను. పొట్ట బ్రహ్మాండంగా వచ్చింది. ఎంత వచ్చిందంటే కత్తి కోయడం మానేసి నొక్కడం మొదలుపెట్టింది. ఒకామె చేప మీద వేసి రెండుసార్లు అటూ ఇటూ లాగి, "ఇది కత్తా, రోకలా?" అని హిందీలో అడిగింది. షెడ్డు షెడ్డంతా నవ్వింది. పలచగా పడితే పెచ్చులు, గుండ్రంగా పడితే రోకలి. మధ్యలో ఎక్కడ ఆగాలో తెలియడం లేదు.

జీవీబెన్ లేకపోతే ఈపాటికి నన్ను పంపేసేవాళ్ళే. ఇప్పుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మేమిద్దరం ఒకచోటే కూర్చుంటున్నాం. నా మణికట్టు పట్టుకుని మెల్లగా ఆడించి చూపిస్తుంది. ఆ చెయ్యి ఎంత మెత్తగా కదులుతుందో అక్కా! నాది కొయ్య. నా వంతు టీ కూడా ఆవిడే పోసి తెస్తుంది. ఈ ఊళ్ళో నాకు ఉండబుద్ధి అవుతోందంటే ఆవిడ వల్లే.

అమ్మ నూరేటప్పుడు ఇంకొక్కసారి చూడు. ఎక్కడో ఏదో తప్పింది. చెయ్యి నయమవుతోంది.

యువరాజు


బారువ,
3 జనవరి 1999

ఒరే యువరాజూ,

ముందు నేను చదువుకుని ఆ తర్వాత వినిపించాల్సింది. బుద్ధి తక్కువై, నీ ఉత్తరం అరుగు మీద అందరి ముందూ విప్పి గట్టిగా చదివాను. మణికట్టు దాకా వచ్చాక గానీ నాకు వెలగలేదు. ఆపుదామంటే కుసుమ ఊరుకోలేదు. "సదువు వదినా, మెత్తటి సెయ్యి తర్వాత ఏటుందో సదువు" అంది. చదివాను.

అంతా విని లేచి చీర కొంగు దోపుకుంది. "సాన పట్టడం నేర్పుతందా, ఇంకేటైనా నేర్పుతందా?" అని, ఆ మధ్యాహ్నమే సంచీ సర్దుకుని సుమ్మాదేవి ఊరికి వెళ్ళిపోయింది, వాళ్ళ అన్న సోములు ఇంటికి. అమ్మ నీ పేరు ఎత్తితే చాలు అవతలికి వెళ్ళిపోతోంది. ఎవరురా ఈ జీవీబెన్? పెళ్ళై రెండేళ్ళు కాలేదు. ఏమనుకుంటున్నావు?

కోపం కోపమే, అడిగిన సంగతి అడిగిన సంగతే. అమ్మ ఎలా నూరుతుందో మళ్ళీ చూశాను. మీ బావ నీ ఉత్తరం విని బీడీ పక్కన పెట్టి మరీ నవ్వారు. "నువ్వు తిరగేసి సెప్పినావు, ఆడు తిరగేసి సేసినాడు" అన్నారు. నిజమే. అమ్మ కత్తి కదలదు, రాయిని చేత్తో పట్టుకుని రుద్దుతుంది. అక్కడ నీ రాయి కదలదు, కత్తిని ఆడిస్తావు. అమ్మ చివర్లో చెయ్యి లేపడం అంటే రాయిని కత్తి మీంచి తీసేయడం, అంతే. నేను దాన్నే కిటుకు అని రాశాను, నువ్వు కత్తి వెన్ను లేపి పదునంతా తినేశావు.

వెంటనే జవాబు రాయి. కత్తి గురించి కాదు.

ఇందుమతి


వేరావల్,
19 జనవరి 1999

అక్కా,

జీవీబెన్‌కి అరవై దాటాయి. పై పళ్ళు లేవు. షెడ్డులో ఆడవాళ్ళందరికీ పెద్ద. నన్ను బేటా అని పిలుస్తుంది. నువ్వు రాసిందంతా వచ్చీరాని హిందీలో ఆవిడకి చెబితే, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆవిడ నా మణికట్టు ఎందుకు పట్టుకోవాల్సి వచ్చిందో రాస్తాను. నా కుడిచేతి మధ్యవేలూ, ఉంగరపు వేలూ ముడుచుకోవు. కట్టు విప్పిన రోజునే డాక్టరు చెప్పేశాడు, అవి ఇక ఇంతే అని. మిగతా వేళ్ళతో కత్తి పట్టుకోగలను. అన్నం తినగలను. తాడు పట్టలేను. తాడు పట్టలేనివాడిని పడవ ఎక్కించుకోరు, ఇక్కడైనా, బారువలోనైనా. నేను ఇక వేటకి వెళ్ళను అక్కా.

చిన్న దెబ్బ అని రాశాను. మొదట్లో నిజంగానే అలా అనుకున్నాను. తర్వాత, అలా అయితే బాగుండునని, నయమవుతోందని రాశాను. వేటకి పోలేని మొగుణ్ణి కుసుమ ఏం చేసుకుంటుంది? ఈ మాట ఆమెకి నేను ఎలా చెప్పను, నువ్వు చదివితే తప్ప? చదువు. ఈసారి ఏ ముక్కా మింగకు.

పని మాట. వేళ్ళు బిగుసుకోవు కాబట్టి కత్తి నా చేతిలో ఊగుతుంది. ఊగకూడదని పిడికి గుడ్డ చుట్టి మణికట్టుకు కట్టేసుకునేవాణ్ణి. జీవీబెన్ ఆ గుడ్డ విప్పి పారేసింది. ఊగనీ అంది. ఊగితే పొట్ట దానంతటదే వస్తోంది, కానీ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ.

యువరాజు


బారువ,
8 ఫిబ్రవరి 1999

తమ్ముడూ,

నీ ఉత్తరం ముందు అమ్మకి చదివాను. "ఏ సెయ్యి?" అంది. కుడిచెయ్యి అన్నాను. లేచి వెళ్ళి పొయ్యి దగ్గర కూర్చుంది. కాసేపటికి అక్కణ్ణించే, "ఆణ్ణి తిండి మానొద్దని రాయి" అంది.

మర్నాడు బారువ స్టేషన్లో పాసింజరు ఎక్కాను. మందస దాటాక సుమ్మాదేవిలో దిగితే సోములు ఇల్లు తెలుసుగా, తోటలోంచి నడక. వాళ్ళు సముద్రం మానేసి కొబ్బరి తోటల్లో పనికి చేరాక ఆ ఇంట్లో అన్నీ కత్తులే. కుసుమ వాకిట్లో పీట వేసుకుని, చుట్టూ కాయలు దించే కత్తులు పరుచుకుని కూర్చుంది. నన్ను చూసి లేవలేదు.

"సదవడానికేనా వచ్చినావు? సదువు" అంది.

చదివాను. నీ వేళ్ళ సంగతి దగ్గర చేతిలో కత్తి కింద పెట్టేసింది. మొత్తం చదవడం అయింది. నేనే అడిగాను, "ఏమంటావు?" అని.

"నానేటంటాను వదినా? ఎన్నాళ్ళయిందీ దెబ్బ తగిలి? నొప్పి ఎవుల్తో సెప్పుకున్నాడు?" కళ్ళు తుడుచుకుంది. "ఏటకెళ్ళకపోతే మానీ. ఈళ్ళు ఏటకెళ్తన్నారా, బతకడం నేదా?"

ఆ తర్వాతే అసలు కోపం బయటపడింది. "కత్తి ఎలా నూరాలో అత్తని అడిగినాడు. నిన్నడిగినాడు. ఆ ముసిల్దాన్ని అడిగినాడు. నన్నడిగినాడేటి? సిన్నప్పట్నుంచి మా అన్న కత్తులు ఎవులు పడతన్నారనుకున్నాడు?"

మనమెవరమూ ఆ పిల్లని అడగలేదు తమ్ముడూ, ఎప్పుడూ.

ఆమె చేసేది రాస్తున్నాను, జాగ్రత్తగా చదువు. చెక్క మీద పాత సైకిల్ ట్యూబు కోసి పరిచి మేకులు కొట్టింది. దాని మీద గరుకు కాగితం చుట్టింది. కత్తిని దాని మీద వెన్ను ముందుకు వచ్చేలా, వెనక్కి లాగుతుంది. అంచు ముందుకు పెట్టి తోయదు, తోస్తే కాగితం తెగుతుంది. ట్యూబు మెత్తన కాబట్టి కత్తి కింద కాస్త దిగి, అంచు చుట్టూ తనే ఒంగుతుంది. పొట్ట మణికట్టుతో తెచ్చుకోనక్కర్లేదు, ట్యూబే తెస్తుంది. వెన్ను లేపకూడదు. గట్టిగా నొక్కకూడదు. నొక్కితే రబ్బరు మరీ దిగి, అంచు మీదికి ఎక్కి, రోకలే వస్తుంది. ముందు అంచుకి దీపం మసి పూసి, రెండు లాగులు లాగి చూడాలి. మసి ఎక్కడ పోయిందో అక్కడే రాపిడి తగులుతున్నట్టు.

"ఇప్పుడైనా అడగమను" అని నవ్వింది. ఏడుస్తూనే నవ్వింది.

ఇందుమతి


వేరావల్,
10 మార్చి 1999

అక్కా,

ఇది నీకు కాదు, కుసుమకి చదువు.

కుసుమా, అడుగుతున్నాను. మసి పూశాను. రెండు లాగులు లాగి చూస్తే పిడి పక్క మడమ దగ్గర మసి అలాగే ఉంది, మొనలో మాత్రమే పోయింది. ఇన్నాళ్ళూ నేను మొననే అరగదీస్తున్నానని అప్పుడు తెలిసింది. ముందు రాయి మీద పెచ్చులు పోయేదాకా పట్టి, అంచు వెనక భుజం లాగా గట్టుకట్టిన చోటుని అరగదీసి, ఆ తర్వాత నీ ట్యూబు మీదికి తెచ్చాను. చివర్లో పాత తోలు బెల్టు మీద నాలుగు లాగులు. వేళ్ళు బిగబట్టాల్సిన పనే లేదు. నొక్కకూడదు అన్నావు చూడు, నొక్కాలన్నా నా చేతిలో ఆ బలం లేదు. ఈ పనికి అదే మంచిదయింది.

జీవీబెన్ ఆ కత్తి తీసుకుని, మనిషి తొడంత ఘోల్ చేప తల మీద వేసింది. ఒక్క వేటు. ఎముక విడిపోయింది. కత్తిని వెలుగుకి పట్టి చూసి, అంచు మీద గోరు నడిపింది. ఎక్కడా గోరు ఆగలేదు. మళ్ళీ కోతలో పడిపోయింది. సాయంత్రానికి అందరి కత్తులూ నా ముందు గుట్టగా పడ్డాయి. "ఎవరు చెప్పారు ఇది?" అని అడిగితే నీ పేరు చెప్పాను. పేరు చివర అక్కా అన్నట్టు బెన్ చేర్చి కుసుమ్‌బెన్ అంటున్నారు.

షెడ్డు యజమాని వచ్చే సీజనుకి కూడా నన్నే ఉండమంటున్నాడు. ఏడాది పొడుగునా పని, ఉండటానికి గది. నువ్వు ఎలా అంటే అలా.

యువరాజు


బారువ,
2 ఏప్రిల్ 1999

తమ్ముడూ,

కుసుమ తిరిగి వచ్చింది. నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకుంది. "కుసుమ్‌బెన్" దగ్గర మూడోసారి కూడా. అంతా బాగానే ఉంది, ఆఖరి ముక్క దగ్గర మొహం మాడిపోయింది.

"నువ్వు ఎలా అంటే అలా అనడమేటి? ఇంటికి రావడానికి నా సెలవు కావాలేటి? ఉండిపోవాలనుంటే ఉండిపోతానని సెప్పొచ్చు కదా" అంది.

నీ మనసు అది కాదని నేను చెప్పాను. ఆమెని మొదటిసారి అడిగావు కదా, అలవాటు లేక అలా అనిపించింది, అన్నాను. తర్వాత చెప్పి రాయించిన మాటలు ఇవి, ఉన్నవి ఉన్నట్టు:

"ఏరావల్‌లో ఒక షెడ్డు. పలాసలో అయితే సేపల బజారు, పనస మండీ, కొబ్బరి బళ్ళు, జీడిపప్పు బట్టీలు. అన్నిట్లో కత్తే. మా అన్నకి పాత సాన చక్రం ఒకటి అమ్మకానికుందని తెలిసింది. నానొక్కదాన్నే దాన్ని తిప్పుతూ కత్తీ పట్టలేను. నువ్వు ఒక్కడివే పట్టలేవు. వత్తే రా. జాలి పడి రావొద్దు, పనికి రా."

అమ్మ పక్కనే ఉండి వింది. "పలాసయితే బస్సులో ఎళ్ళి సూసి రావొచ్చు" అంది. అదీ అమ్మ మాట.

మీ బావ కొత్త వల సముద్రంలో వేశారు. మొదటిరోజే చందువలు పడ్డాయి.

ఇందుమతి


పలాస,
21 సెప్టెంబరు 1999

అక్కా,

వచ్చి మూడు నెలలు దాటినా నీకు ఉత్తరం రాయలేదు. బస్సెక్కితే బారువే కదా అనుకోవడం, ఎక్కకపోవడం. ఇప్పుడు రాయక తప్పదు, ఇలాంటిది నోటితో చెబితే కుసుమ మధ్యలో అడ్డం వస్తుంది.

పలాసని ఆనుకున్న కాశీబుగ్గలో చేపల బజారు పక్కన ఒక కొట్టు అరుగు మీద చక్రం పెట్టుకున్నామని బావ చెప్పే ఉంటారు. మొదట్లో ఆడవాళ్ళు కత్తిపీటలు తెచ్చేవారు. నేను పట్టేవాణ్ణి, బాగానే ఉన్నాయనేవారు. కుసుమ చక్రం తిప్పేది. బజారులో సాన పట్టేది మగవాడే కావాలని ఎవరూ అనలేదు, మేమే అలా కూర్చున్నాం.

పోయిన వారం రామూర్తి అని ఒకాయన వచ్చాడు. ఉద్దానం తోటల్లో కాయలు దించే ముఠాకి పెద్ద. తన కత్తి ఇచ్చాడు. నేను చేతనైనంత అందంగా పట్టి ఇచ్చాను. మర్నాడే బజారు మధ్యలో నిలబడి కేకలు: "పని రాకుండా దుకాణం పెట్టినారేటి? గెల మీద ఒక్క దెబ్బకే పెచ్చు లేచిపోనాది! పైన సెట్టు మీద నా సెయ్యి జారుంటే ఎవులు దిక్కు?" జనం పోగయ్యారు. ఆ మాట నిజమే కాబట్టి నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. చేపకి పట్టే పొట్టే కొబ్బరి కత్తికీ పట్టాను. చేప ఎముక ఒక దెబ్బకి విడిపోతుంది. గెల కాడ పీచు, ఒంగుతుంది, కత్తిని పక్కకి లాగుతుంది. దానికి ఇంకా నిండు పొట్ట కావాలి. ఆ తేడా నాకు తెలియదు.

కుసుమ నన్ను పక్కకి జరగమంది. కత్తి తీసుకుని మసి పూసింది. "మావా, నువ్వు కాడని కిందనించి కొడతావా, పక్కనించా?" అని రామూర్తిని అడిగింది. ఆయన కోపంలోనే చేత్తో చూపించాడు. "అయితే నీ కత్తికి కుడి పక్క ఎక్కువ కండుండాల" అంది. నన్ను చూసి, "తిప్పు" అంది.

తిప్పాను. జనమంతా చూస్తుండగా ఆమె పట్టింది. ఎంత తేలిగ్గా పట్టిందంటే చక్రం మీద నిప్పురవ్వలు కూడా పెద్దగా లేవలేదు. ఎదురు బండి దగ్గర ఎండిన గెల కాడ ఒకటి అడిగి తెచ్చి, ఆయన చేతికే ఇచ్చింది. ఆయన కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. అంచు మీద బొటనవేలు ఆనించి చూసుకుని, కత్తి తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇవాళ పొద్దున్న ముఠా కత్తులన్నీ గోనెసంచిలో కట్టి పంపాడు. తెచ్చినవాడు సంచి దింపి, నన్ను దాటి వెళ్ళి కుసుమతో, "ఆయమ్మ పట్టిందే కావాలని సెప్పమన్నాడు" అన్నాడు. ఇంతకుముందైతే ఆ మాట నాకు గుచ్చుకునేదేమో. ఇవాళ మా ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

కాబట్టి ఇప్పుడు ఏర్పాటు ఇది. చేప కత్తులు నావి, తోట కత్తులు ఆమెవి. ఆమె పట్టేటప్పుడు నేను చక్రం తిప్పుతాను. దానికి పిడికిలి బిగించనక్కర్లేదు, అరచెయ్యి ఆనిస్తే చాలు, మణికట్టు తిప్పుకుంటూ పోతుంది.

అమ్మ వస్తానంది కదా, ఆదివారం తీసుకురా. ఉత్తరం ఇక్కడితో ఆపుతున్నాను. కుసుమ సంచి విప్పి కూర్చుని, "రాయడం అయిందేటి, లేదా?" అని పిలుస్తోంది.

యువరాజు